అత్తాకోడళ్ళ జత

చెరకు కోతలో మనుషుల్ని మనుషులుగా లెక్కపెట్టరు, జతలుగా లెక్కపెడతారు. మొగుడూ పెళ్ళామూ కలిస్తే ఒక జత. కత్తి మొగుడిది, వెనక నడిచే పని పెళ్ళానిది. అతను గడలు నరికి పడేస్తుంటే ఆమె ఆకు దూసి, కొసన మొవ్వు కొట్టి, మోపు కడుతుంది. జతకొక గుడిసె, జతకొక పొయ్యి, లారీలో జతకొక జాగా. సాయంత్రానికి ఆ జాగా చెరకు మోపులతో నిండాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎవరు పెట్టారో తెలియని పద్ధతికే పట్టు ఎక్కువ, అదేం చిత్రమో.

అందుకే ఆ ఏడు కోతకు బయలుదేరే లారీ దగ్గరికి కోడలు తన అత్తను వెంటబెట్టుకుని వచ్చేసరికి, అప్పటికే ఎక్కి కూర్చున్నవాళ్ళంతా మెడలు చాచి చూశారు. కోడలి చంకలో మూట, చేతిలో గోనెగుడ్డ చుట్టిన చెరకు కత్తి. అత్త చేతిలో గిన్నెలూ, నెత్తిన పాత దుప్పటీ ఉన్నాయి.

"జతలే ఎక్కాలమ్మా" అన్నాడు మేస్త్రీ.

"మేమూ జతే" అంది కోడలు.

"ఏం జత?"

"అత్తాకోడళ్ళ జత."

లారీ మొత్తం గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినామెకు మైకు వదిన అని పేరు. ఆమె గుసగుసలాడితే పక్క పొలానికి వినబడుతుంది. "ఇదుగో మేస్త్రీ, వీళ్ళు చెరకు కోస్తారో, ఒకరి జుట్టు ఒకరు కోసుకుంటారో కాస్త చూసుకో!" అంది.

అత్త తలెత్తి చూసింది. "మా ఇద్దరి జుట్టూ కలిపినా నీ నాలికంత పొడుగుండదులే, ముందు కాళ్ళు ముడుచుకుని మాకు చోటియ్యి" అంది.

మేస్త్రీ మాత్రం నవ్వలేదు. అతను చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. అతను పద్ధతి మనిషి, చిక్కంతా అక్కడే ఉంది. కోడలి మొగుడు వానాకాలంలో జ్వరంతో పోయినప్పుడు పలకరించడానికి అందరికంటే ముందు వచ్చింది అతనే. గుమ్మంలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు కూడా. తుడుచుకున్న చేత్తోనే అసలు సంగతి బయటపెట్టాడు. "పక్క ఊళ్ళో గడ్డపాయనని ఒకతను, అతనూ పెళ్ళాం పోయి ఒంటిగా ఉన్నాడమ్మా. మీరిద్దరూ ఒక జతగా వస్తే ఇద్దరికీ పని దొరుకుతుంది" అన్నాడు.

"కలిసి పని చెయ్యడం వరకేనా?" అని అడిగింది కోడలు.

మేస్త్రీ గోడవైపు చూశాడు. "జతకు ఒకటే గుడిసె కదమ్మా" అన్నాడు.

ఆ ఇంట్లో సెంటు భూమి లేదు. కోత కాలంలో ఊరు ఊరంతా వెళ్ళిపోతుంది, మిగిలిన ఊళ్ళో చేసే పనీ ఉండదు, చేయించేవాడూ ఉండడు. కోతకు వెళ్ళకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. వెళ్ళాలంటే, మొగుడు పోయి నెలలు తిరక్కముందే ముక్కూ మొహమూ ఎరగని మనిషితో ఒకే ప్లాస్టిక్ పట్టా కప్పు కింద పడుకోవాలి. కోడలు ముందు నుయ్యీ వెనక గొయ్యీ అన్నట్టు కూర్చుంటే, మోకాళ్ళ నొప్పులని ఏనాడో కోత మానేసిన అత్త లోపల్నించి వచ్చి, "నా కోడలికి జత నేనున్నాను, నువ్వు వెళ్ళి రా నాయనా" అని మేస్త్రీని సాగనంపింది.

అత్తలేని కోడలు ఉత్తమురాలని సామెత చెప్పినవాడికి ఈ అత్త తెలిసి ఉండదు.

లారీ దగ్గర మేస్త్రీ గీసిన గీత మాత్రం గట్టిదే. "సరే, రండి. కానీ మీ జాగా ఒక్కరోజు నిండకపోయినా గడ్డపాయన్ని తెచ్చి నీ సాల్లో నిలబెడతాను. ఇష్టం లేకపోతే వచ్చిన దారి పట్టుకోవడమే" అన్నాడు. గడ్డపాయన కూడా అదే లారీలో ఒక మూల, తాళ్ళ చుట్ట మీద కూర్చుని ఉన్నాడు. అతన్ని నీళ్ళు మోసే పనికి తీసుకొస్తున్నానని చెప్పాడు మేస్త్రీ. ఎందుకు తీసుకొస్తున్నాడో లారీలో అందరికీ తెలుసు. కోడలికీ తెలుసు. ఆమె అతనివైపు వీపు పెట్టి కూర్చుంది.

పొలం కనుచూపుమేర పచ్చగా నిలబడి ఉంది. కాలవ గట్టు మీద గుడిసెలు. గుడిసెలంటే వెదురు బద్దలు వంచి పైన ప్లాస్టిక్ పట్టా కప్పినవే, లోపల నిలబడితే నెత్తికి తగులుతుంది. అందరూ మంచి చోట్లు పట్టుకోగా, మురికినీళ్ళు మలుపు తిరిగే చోట ఆఖరి గుడిసె అత్తాకోడళ్ళకు మిగిలింది. గట్టుకు ఎదురుగా పొలం ఆసామి ట్రాక్టరు పెట్టుకునే కొట్టం ఉంది. దానికి ఇటుక గోడలు, రేకుల కప్పు, లోపల బల్బు. ట్రాక్టరు తడిస్తే పాడైపోతుంది కదా మరి. మనుషులు ఆరేసుకుంటే ఆరుతారు.

మొదటిరోజు తెల్లవారుతూనే కోడలు కొంగు బిగించి కత్తి పట్టుకుంది. చుట్టుపక్కల సాళ్ళలో మగవాళ్ళు తమ కత్తులు ఆపి కాసేపు చోద్యం చూశారు. ఆమె ఎడమచేత్తో గడ పట్టుకుని కుడిచేత్తో ఒక్క వేటు వేసింది. గడ తెగింది. మరొకటి తెగింది. కాసేపటికి చేతికి లయ దొరికింది. వెనక అత్త ఆకు దూస్తూ, "నెమ్మదే పిల్లా, నీ వెనక నేను పరిగెత్తలేను" అని గొణుగుతూనే మోపులు కడుతూ వచ్చింది. పక్క సాలును దాటేశారు కూడా. చూసేవాళ్ళు చూడటం మానేసి ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. మొగుడు పోయాక ఇన్నాళ్ళకు మొదటిసారి కోడలికి తేలికగా అనిపించింది. ఇంతేనా ఈ పని అనుకుంది.

అంతే కాదని మధ్యాహ్నం తెలిసింది. ఆసామి బూట్లు వేసుకుని పొలం చూడటానికి వచ్చాడు. కోసిన సాల్లో నడుస్తూ నడుస్తూ కాలికి మోడు తగిలి ముందుకు తూలాడు. వంగి చూస్తే సాలంతా మోళ్ళే. జానెడు జానెడు ఎత్తున నిలబడి ఉన్నాయి.

"ఎవరిదీ సాలు? తీపంతా మొదట్లో ఉంటే దాన్ని నేల మీద వదిలేసి, చప్పిడి గడ ఫ్యాక్టరీకి పంపుతారా? పైగా ఈ మోడు మీద వచ్చే పిలక బతుకుతుందా చస్తుందా?" అని అరిచాడు.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. కోడలు తన సాలు చూసుకుంది, పక్క సాళ్ళు చూసింది. అక్కడ గడ నేలకు సమానంగా తెగి ఉంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళయిన నాటినుంచి ఏటా కోతకు వచ్చింది. కానీ ఎప్పుడూ కత్తి వెనకే నడిచింది. వెనక నడిచేదాని చూపు ఆకు మీద, మొవ్వు మీద, మోపు మీద ఉంటుంది. కత్తి నేలలో ఎక్కడ దిగుతుందో చూసే పని ఆమెది కాదు. ఈ రోజు చెయ్యి ఎక్కడ వాటంగా అందితే అక్కడ నరుక్కుంటూ పోయింది. పోనీ అత్త చెప్పొచ్చు కదా అంటే, ఆవిడ మాత్రం ఏం చూసింది? ఆవిడా జీవితమంతా మామ వెనక నడిచిందే. ఇద్దరిలో ఒక్కరూ ఏనాడూ వంగి నేలవైపు చూడలేదు.

"ముందే చెప్పాను" అన్నాడు మేస్త్రీ. అని, నీళ్ళ డ్రమ్ము దగ్గరున్న గడ్డపాయనవైపు తల తిప్పాడు.

"ఆగు" అంది అత్త. "సాయంత్రం లారీకి మోపులున్నాయా లేవా? ఉన్నాయి. మోళ్ళంటావా, పొద్దుగూకేలోగా నేలకు సమానం చేస్తాం. చెయ్యకపోతే అప్పుడు మాట్లాడు."

అని, ఆ మోకాళ్ళతోనే నేలకు దిగింది. కోడలు కత్తితో ఒకవైపు, అత్త మొవ్వు కొట్టే కొడవలితో ఒకవైపు. ఎండకు గట్టిపడ్డ నేల మీద పాక్కుంటూ ఒక్కో మోడూ మళ్ళీ నరికారు. తెగిన మోడు అంచు చీరలోంచి గుచ్చుకునేది. కోడలు రెండుసార్లు, "అత్తా, నువ్వు లే, నేను చేస్తాను" అంది. "లేవడమే కష్టం, కూర్చుంటే బాగానే ఉంది" అంది అత్త. మైకు వదిన తన సాల్లోంచి చూసి చూసి, చివరికి ఒక గోనెసంచి విసిరింది. "మోకాళ్ళ కింద వేసుకో పెద్దమ్మా! మళ్ళీ నాకు తిరిగివ్వాలి, దానం కాదు!" అంది. ఆ మాట పొలమంతా విన్నది.

పొద్దు గూకేసరికి సాలు సమానమైంది. మేస్త్రీ కాలితో అటూ ఇటూ రాసి చూసి, గడ్డపాయన్ని పిలవకుండానే వెళ్ళిపోయాడు.

తరవాత పని పట్టుబడింది. లారీకి ఎత్తడం దగ్గర కొంత తంటా వచ్చింది. లారీకి వాల్చిన చెక్క మీద మోపు నెత్తిన పెట్టుకుని పైకెక్కాలి. మోపు నెత్తికెత్తడానికి కింద ఒక మనిషి కావాలి, అత్తకు అంత బలం లేదు. ఒకటిరెండు మోపులు ఇద్దరి కాళ్ళ మీదా పడ్డాయి. చివరికి మోపును నిలువుగా లారీకి ఆనించి, కోడలు దాని కింద గొంతుక్కూర్చుంటే, అత్త పైనుంచి వంచడం మొదలుపెట్టింది. వంగిన మోపుతోపాటు కోడలు పైకి లేచేది. చూడటానికి బాగుండేది కాదు గానీ జాగా నిండేది. రోజూ నిండింది. రాత్రిళ్ళు పట్టా కింద పడుకుని అత్త, "మీ మామ ఇంత సాలు ఏనాడూ కొయ్యలేదే" అనేది గర్వంగా. అంటూనే అటు తిరిగి మోకాలికి గుడ్డ కట్టుకునేది. కోడలు చూసీ చూడనట్టు ఉండేది. చూస్తే ఆపాలి. ఆపితే గడ్డపాయన వస్తాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసి నోరు మూసుకోవడం కోడలికి ముల్లులా గుచ్చుకునేది.

ఒకరోజు పొద్దున అత్త లేవలేదు. మోకాలు గుమ్మడికాయంత వాచింది. కోడలి భుజం పట్టుకుని పొలం దాకా వచ్చింది గానీ, సాల్లో కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. కోడలు కోసింది, తనే ఆకు దూసింది, తనే మోపు కట్టింది, తనే ఎత్తుకుంది. మనిషికి రెండే చేతులు. సాయంత్రం లారీ కదిలేసరికి అన్ని జాగాలూ నిండి, అత్తాకోడళ్ళ జాగా సగానికి వెలితిగా కనబడింది.

మేస్త్రీ గొంతు పెంచలేదు. "రేపట్నుంచి గడ్డపాయన కోస్తాడు, నువ్వు వెనక నడువు. పెద్దమ్మను ఊరికి పంపే ఏర్పాటు చూస్తాను. అతని మూట ఈ సాయంత్రం మీ గుడిసెకు తెచ్చుకుంటాడు" అన్నాడు. ఒక బండికి ఎద్దు మార్చమన్నంత తేలిగ్గా అన్నాడు.

కోడలు తిన్నగా నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. "నీకు ఇష్టమేనా?" అని గడ్డపాయన్ని అడిగింది.

అతను తలెత్తలేదు. "నేను కాదంటే నన్నూ పొమ్మంటాడమ్మా. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలున్నారు" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. అది మరీ బాధనిపించింది.

గుడిసెకు వస్తే మైకు వదిన అత్త మోకాలికి వేడినీళ్ళ కాపడం పెడుతోంది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం ఆ రోజే విన్నారు. "అవతలి పొలం కోసే ముఠాలో ఒకామె ఉంది. ఆమెకూ ఇలాగే మొగుడు పోతే, వాళ్ళ మేస్త్రీ ఎవడితోనో జత కట్టించాడు. కాలవలో బట్టలు ఉతుక్కోవడానికి వస్తుంది. పలకరిస్తే పలకదు. రేపు నువ్వూ అంతే అవుతావేమోనని…" అంటూ ఆగిపోయింది.

 కోడలు మాసిన చీర ఒకటి చేతికి తీసుకుని కాలవకు బయలుదేరింది.

అవతలి ముఠా ఆమె అక్కడే ఉంది. కోడలికంటే నాలుగేళ్ళు పెద్దదిలా ఉంది. రాతి మీద మగవాడి చొక్కా ఒకటి పెట్టి బాదుతోంది. ఆ చొక్కా మీద ఆమెకు ఏదో కక్ష ఉన్నట్టుంది. కోడలు పక్కనే కూర్చుని చీర తడిపింది. పలకరింపులేమీ పెట్టుకోలేదు.

"అక్కా, మోపు గట్టిగా కడతావా?" అంది.

ఆమె చెయ్యి ఆగింది. "కడతాను. ఎందుకు?"

"నాకు కత్తి వచ్చు. వెనక మనిషి కావాలి. నాతో జత కడతావా?"

ఆమె కోడలివైపు తిరిగి, ఈ పిల్లకు మతి ఉందా పోయిందా అన్నట్టు చూసింది. "ఇది ఎవరి చొక్కా అనుకున్నావు?"

"ఎవరిదైనా సరే."

"మా మేస్త్రీ ఊరుకోడు."

"మా మేస్త్రీ కూడా ఊరుకోడు. ఊరుకోకపోవడమే కదా వాళ్ళ పని."

ఆమె చొక్కా పిండుతూ ఉండిపోయింది. నీళ్ళన్నీ కారిపోయాక కూడా పిండుతూనే ఉంది. కోడలు లేచి నిలబడింది. "గుడిసె చిన్నది. లోపల నేనూ, మా అత్తా ఉంటాం. అత్త గురక పెడుతుంది. అంతకుమించి అక్కడ నిన్నెవరూ ఏమీ చెయ్యరు. రేపు పొద్దున మా సాలు మొదట్లోనే ఉంటాను" అంది.

ఆమె బకెట్ ఎత్తుకుని, అవునూ అనలేదు, కాదూ అనలేదు, గట్టెక్కి వెళ్ళిపోయింది.

చీకటి పడేవేళ గడ్డపాయన మూట తెచ్చి గుమ్మం బయట పెట్టాడు. గుమ్మంలో అత్త చెరకు కత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "మోకాలు పోయింది గానీ నాయనా, నా చేతులు శుభ్రంగా ఉన్నాయి" అంది. అతను తల వంచుకుని, దుప్పటి ఒక్కటి లాక్కుని ట్రాక్టరు కొట్టం అరుగు మీదికి పోయి పడుకున్నాడు. పాపం, ఆ అరుగు మీదనుంచి కూడా కాపలావాడు లేపేశాడట.

పొద్దున్నే లారీ వచ్చి ఆగింది. కోడలు సాలు మొదట్లో నిలబడింది. అత్తను ఎవరు తీసుకొచ్చారో గానీ ఆవిడ గట్టు మీద గోనెసంచి పరుచుకుని కూర్చుంది. మేస్త్రీ గడ్డపాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"కత్తి అతనికియ్యి" అన్నాడు.

"ఇవ్వను" అంది కోడలు. "నాకు జత ఉంది."

"ఎవరు?"

"వస్తుంది."

మేస్త్రీ గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. గట్టు మీద ఎవరూ లేరు. ఒకరిద్దరు మగవాళ్ళు నవ్వారు.  వస్తుందని కోడలికి మాత్రం ఎవరు చెప్పారు? అయినా మాట వెనక్కి తీసుకోలేదు. వంగి కొయ్యడం మొదలుపెట్టింది. ఒక గడ, రెండు గడలు, గుప్పెడు, కట్ట. కోసిన చెరకు కోసినట్టే ఆమె వెనక పడుతోంది, ఆకు దూసేవాళ్ళు లేరు. మేస్త్రీ అరుస్తున్నాడు. ఎంత ధైర్యమని, ఎవరి అండ చూసుకుని ఈ పొగరని. ఆమె వినదలుచుకోలేదు. రాకపోతే రాకపోనీ, కత్తి మాత్రం చేతిలోంచి వదలను, వీళ్ళు మోసుకుపోవాలంటే నన్నూ కత్తినీ కలిపి మోసుకుపోవాలి అనుకుంది. కళ్ళలోకి చెమట దిగుతుంటే, అది చెమటేనని తనకు తాను చెప్పుకుంది.

పొలంలో మిగతా కత్తులు ఒక్కటొక్కటే ఆగాయి. మేస్త్రీ అరుపు కూడా మధ్యలో ఆగిపోయింది. కోడలు అప్పుడు తలెత్తింది.

గట్టు మీద ఆమె వస్తోంది. నెత్తిన బట్టల మూట, చేతిలో చెప్పులు. గబగబా నడవడం లేదు, ఎవరైనా ఆపితే ఆగేలానూ లేదు. వచ్చి మూటను అత్త పక్కన దించింది. చెప్పులు మూట మీద పెట్టింది. సాల్లోకి దిగింది.

"నువ్వు అవతలి ముఠా మనిషివి కదా?" అన్నాడు మేస్త్రీ. "నీ మొగుడు ఒప్పుకున్నాడా?"

"నా మొగుడు పోయాడు. అక్కడున్నది మా మేస్త్రీ చూపించిన మనిషి."

"అయితే మీ మేస్త్రీ ఒప్పుకున్నాడా? ఎవర్నడిగి వచ్చావు?"

ఆమె వంగి, కోడలి వెనక పడి ఉన్న చెరకు లోంచి ఒక చేతినిండా గడలు తీసుకుంది. ఆకు పట్టుకుని సర్రున దూసింది. 

"నేనెవర్నీ అడగలేదు. వాళ్ళు నన్ను అటు కట్టినప్పుడు నన్నెవరైనా అడిగారా? ఇన్నాళ్ళకు, నాతో జత కడతావా అని నన్నడిగిన మనిషి ఈ పిల్ల ఒక్కతే" అంది.

  మైకు వదినతో సహా, తమ మగవాళ్ళ వెనక నడుస్తూ వచ్చిన ఆడవాళ్ళంతా చేతుల్లో సగం కట్టిన మోపులతో నిలబడిపోయారు. కొందరు తమ ముందున్న మనిషి వీపువైపు చూశారు. గడ్డపాయన ఊపిరి వదిలి, అత్త దగ్గరికి వెళ్ళి తన మూట ఎక్కడుందో అడిగాడు.

"రేపు వాళ్ళ మేస్త్రీ నా మీదికి వస్తే ఏం చెప్పను?" అన్నాడు మేస్త్రీ. అరుపు పోయింది, అడిగినట్టే ఉంది.

"జత కావాలన్నాను, వాళ్ళు జత తెచ్చుకున్నారని చెప్పు" అంది అత్త గట్టు మీదనుంచి.

లారీ డ్రైవరు హారను కొట్టాడు. మేస్త్రీ అత్తవైపు చూశాడు, ఆ ఇద్దరివైపు చూశాడు. వాళ్ళు అప్పటికే అతనికి వీపు పెట్టి పనిలో ఉన్నారు. అతను తుండు దులిపి భుజాన వేసుకుని, లారీ వెనక తలుపు దించి ఈ జతకూ జాగా ఉంచమని డ్రైవరుకు చెప్పడానికి నడిచాడు.